పోటీలో పిల్లలు తడబడకుండా: సీజన్ ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ప్రాక్టీసులో చక్కగా ఆడే పిల్లలు పోటీలో తడబడితే పిరికితనమని ముద్ర వేసేస్తారు. అది అన్యాయం. వేలసార్లు వేసిన షాట్ చేతికి అలవాటైపోయి ఉంటుంది. ఒత్తిడిలో ‘మోచెయ్యి ఎక్కడుంది, మణికట్టు ఎంత వంచాలి’ అని పట్టి పట్టి చూసుకుంటే ఆ వాటం చెడుతుంది. అందుకే సీజన్ ముంగిట టెక్నిక్ జోలికి పోకండి. దిద్దాల్సినవి ఉంటే పోటీలు అయ్యాక దిద్దవచ్చు.

ఇప్పుడు అలవాటు చేయించాల్సింది షాట్‌కు ముందు ప్రతిసారీ ఒకేలా సాగే చిన్న క్రమం. బాస్కెట్‌బాల్‌లో ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్) అయితే: పాదాలు సర్దుకోవడం, బంతిని రెండుసార్లు నేలకు కొట్టడం, ఊపిరి నిదానంగా వదలడం, రింగు మీద చూపు నిలపడం, వెయ్యడం. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధన ప్రకారం రిఫరీ బంతి అందించాక 5 సెకన్లే ఉంటాయి, కాబట్టి స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. మనసులో అనుకునే మాట ఒక్కటే ఉండాలి, అదీ పిల్లలే ఎంచుకోవాలి: ‘సాఫీగా’, ‘పైకి’ లాంటిది. ‘మిస్ కాకూడదు’ అనుకుంటే మిస్సే కళ్లముందు ఆడుతుంది. నాలుగైదు వారాల ముందే మొదలుపెట్టి, పరుగు తీయించి గుండె దడదడలాడుతుండగా, తోటివాళ్లు చూస్తుండగా చేయించండి. తీరిగ్గా ఉన్నప్పుడు మాత్రమే నేర్చుకున్నది పోటీలో నిలవదు.

‘గట్టిగా ఊపిరి పీల్చు’ అంటే పిల్లలు గబగబా పీల్చేస్తారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ముక్కుతో 4 లెక్కపెడుతూ తీసుకుని, 6 లెక్కపెడుతూ వదలాలి. మూడు నిమిషాలు చాలు. దడ పూర్తిగా పోవాలని పట్టుబట్టకండి, ఆటకు అది కొంత కావాలి.

13 నుంచి 18 ఏళ్లవాళ్లకు 8–10 గంటల నిద్ర అవసరం. పోటీ ముందు రాత్రి నిద్ర పట్టకపోవడం మామూలే. వారమంతా సరిగ్గా పడుకుంటే ఒక్క రాత్రితో కొంప మునగదని ముందే చెప్పి ఉంచండి. ఎనర్జీ డ్రింకులు మాత్రం వద్దు: కెఫీన్ తెచ్చే వణుకుని పిల్లలు భయమే అనుకుంటారు.

అమ్మానాన్నలూ, ఓడిన రోజు ఇంటిదారిలో తప్పులు ఎంచకండి. ఆ మాట వాళ్లే ఎత్తేదాకా ఆగండి.

జిమ్నాస్టిక్స్‌లో, డైవింగ్‌లో ‘గాల్లో ఎటు తిరుగుతున్నానో తెలియట్లేదు’ అని పిల్లలు చెబితే ఆ క్షణమే ఆపించండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ చాలా ఫైనల్స్ నుంచి తప్పుకున్నది ఇందుకే. బలవంతపెడితే మెడకి, వెన్నుకి ప్రమాదం. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు ఫోమ్ పిట్‌లో (మెత్తటి స్పాంజి ముక్కలు నింపిన గుంటలో), తేలిక కదలికలతోనే.

నిద్ర, ఆకలి రెండు వారాలకు మించి తగ్గినా, బరువు కోసం భోజనం మానేస్తున్నా, ప్రతి పోటీ ముందూ ఏదో ఒక నొప్పి వస్తున్నా మానసిక నిపుణులకు చూపించండి. చనిపోవాలనుందన్న మాట వస్తే ఒంటరిగా వదలకుండా ఆ రోజే తీసుకెళ్లండి.