తుపాకీ లైసెన్స్ ఉండి వేరే రాష్ట్రం మారుతున్నారా, ముందు ఏరియా కాలమ్ చూసుకోండి

మన సిక్కోలు, విజినారం వైపు మిలిట్రీలో చేసి రిటైరైనోళ్ళు చాలామందే ఉంటారు కదా, వాళ్ళలో కొందరికి 12 బోరు డబుల్ బ్యారెల్ గన్ను, దానికో లైసెన్స్ కూడా ఉంటాయి. మా మావయ్య కూడా అంతే. రాజాం దగ్గర ఊరు, ఇప్పుడు కొడుకు దగ్గర ఉందామని ఒడిశాలో ఉన్న బరంపురం మారిపోతన్నాడు. "లైసెన్స్ ఉంది కదరా, పెట్టెలో పెట్టుకుని రైలెక్కేస్తే అయిపోద్ది" అన్నాడు. అవదు మావయ్యా అని ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తన్నా.

చట్టం దేశమంతా ఒకటే, 1959 ఆర్మ్స్ యాక్ట్, 2016 ఆర్మ్స్ రూల్స్. ఒడిశాకో తెలంగాణకో వేరే చట్టమేటీ లేదు. తిరకాసంతా లైసెన్స్‌లోనే ఉంటాది. అందులో ఏరియా అని రాసుంటాది చూడండి, జిల్లా వరకేనా, రాష్ట్రం మొత్తమా, ఇండియా అంతానా అని. ఆంధ్రా వరకే అని ఉంటే సరిహద్దులో ఉన్న ఇచ్ఛాపురం దాటి గన్ను పట్టుకెళ్ళడానికి లేదు, ముందు ఇక్కడే అప్లై చేసి ఏరియా పెంచుకోవాలి, ఆ తర్వాతే సామాను సర్దుకోవడం. హైదరాబాద్ వెళ్ళేవాళ్ళు ఇంకా జాగ్రత్త, లైసెన్స్ పాతదైతే "ఆంధ్రప్రదేశ్ అంతా" అని ఉంటాది, అప్పట్లో హైదరాబాద్ అందులోదే, కానీ 2014 జూన్ 2 నుంచి అది వేరే రాష్ట్రం, ఆ పాత ముక్కని నమ్ముకుని బయల్దేరొద్దు.

ఇంక రెండోది. ఇల్లు మారి 30 రోజులకి మించి ఉంటారనుకుంటే, గన్ను కూడా తీసుకెళ్తే, మారిన 30 రోజుల్లోపు కొత్త చోట లైసెన్సింగ్ అథారిటీకి రాసివ్వాలి, ఇక్కడ ఇచ్చినోళ్ళకీ తెలపాలి. వాళ్ళు అడిగితే లైసెన్స్, గన్ను రెండూ చూపించాలి, అప్పుడు కొత్త అడ్రస్ ఎక్కిస్తారు. లైసెన్సింగ్ అథారిటీ అంటే మామూలు జిల్లాల్లో కలెక్టరు, హైదరాబాద్ లాంటి కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనరు. మావయ్య బరంపురంలోనే కలెక్టరాఫీసు ఉంటాది అనుకున్నాడు, కానీ గంజాం జిల్లా హెడ్ క్వార్టర్ ఛత్రపురం, అక్కడికెళ్ళాలి.

మాకు ఇంకో చిక్కు కూడా వచ్చింది. లైసెన్స్ ఇచ్చింది శ్రీకాకుళం కలెక్టరు, కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చాక రాజాం విజయనగరంలోకి, పాలకొండ, వీరఘట్టం పార్వతీపురం మన్యంలోకి పోయాయి. ఇలాంటి ఊరోళ్ళు ఫైలు ఎక్కడుందో ముందు కనుక్కోండి, లేకపోతే రెండు ఆఫీసుల మధ్య తిరగడమే పని. లైసెన్స్ మీద యూఐఎన్ (ఒక్కో లైసెన్స్‌దారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు) ఉందో లేదో, రెన్యూవల్ ఎప్పుడో కూడా అప్పుడే చూసేయండి. గడువు దగ్గర పడితే రెండు నెలల ముందే అప్లై చెయ్యండి. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు గన్నులే, మూడోది ఉంచుకోకూడదు.

రైల్లో తీసుకెళ్తే తూటాలు తీసేసి, గన్ను కవర్లో పెట్టి, ఒరిజినల్ లైసెన్స్ చేతి సంచిలో పెట్టుకోండి, జిరాక్సుతో పని అవదు.

అన్నిటికన్నా ఎక్కువమంది చేసే తప్పు, గన్ను ఇంట్లో బావమరిదికో కొడుక్కో అప్పజెప్పి వెళ్ళిపోవడం. లైసెన్స్ మీ పేరు మీద ఉంది, వాళ్ళ పేరు మీద కాదు. లైసెన్స్ లేకుండా గన్ను దగ్గర పెట్టుకుంటే తక్కువలో తక్కువ రెండేళ్ళు, ఐదేళ్ళ దాకా జైలు, పాపం ఆ బావమరిది ఏం చేశాడని! పేపర్లు తేలే వరకూ పోలీస్ స్టేషన్లోనో లైసెన్స్ ఉన్న గన్ డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. మావయ్య మొదట మూతి ముడిచాడు గానీ చివరికి అదే చేశాడు, గన్ను ఇప్పుడు స్టేషన్లో ఉంది, రసీదు మాత్రం అత్త బీరువాలో పట్టుచీరల కింద దాచింది.