ఎల్ఈడీ స్ట్రిప్ పిచ్చిగా వెలుగుతోందా? కోడ్ జోలికి వెళ్ళకముందు ఇవి చూడండి

ఈఎస్‌పీ8266 గానీ ఈఎస్‌పీ32 గానీ (చిన్న వైఫై కంట్రోలర్ బోర్డులు) పెట్టి డబ్ల్యూఎస్2812బి స్ట్రిప్, అంటే ఒక్కో ఎల్ఈడీకి విడిగా రంగు ఇవ్వగలిగే స్ట్రిప్, నడిపేవాళ్ళలో చాలామంది ఏ తేడా వచ్చినా ముందు ఫర్మ్‌వేర్ (బోర్డులో నడిచే ప్రోగ్రామ్) మళ్ళీ ఫ్లాష్ చేస్తారు, అంటే కొత్తగా ఎక్కిస్తారు. దయచేసి అది ఆఖర్న చేయండి, ఎందుకంటే తప్పు ఎక్కువగా వైర్లలోనే ఉంటుంది, పైగా స్ట్రిప్ వెలిగే తీరే అది ఎక్కడుందో చెప్పేస్తుంది.

అసలు వెలగట్లేదంటే స్ట్రిప్ మీద బాణం గుర్తు చూడండి, డేటా ఆ బాణం వైపే పోతుంది, అవుట్‌పుట్ చివర్లో వైరు కలిపితే ఎంతసేపు చూసినా వెలగదు. తర్వాత గ్రౌండ్. స్ట్రిప్‌కి వేరే పవర్ సప్లై, బోర్డుకి యూఎస్‌బీ ఇచ్చినప్పుడు రెండింటి గ్రౌండ్‌లు కలిసి ఉండాల్సిందే, లేకపోతే డేటా సిగ్నల్‌కి ఆధారమే ఉండదు, రంగులు ఇష్టమొచ్చినట్టు మారుతుంటాయి. పిన్ కూడా చూసుకోండి, ఈఎస్‌పీ32లో 34 నుంచి 39 వరకు ఉన్నవి ఇన్‌పుట్‌కి మాత్రమే, వాటి నుంచి డేటా బయటకి రాదు.

ఇక మిణుకుమిణుకుమనడం, మొదటి ఎల్ఈడీ దగ్గర్నుంచే రంగులు గందరగోళంగా రావడం. ఇక్కడ కాస్త లెక్క తెలియాలి. 5 వోల్టుల మీద నడిచే డబ్ల్యూఎస్2812బి డేటాని హై అని గుర్తించాలంటే సప్లైలో 0.7 వంతు, అంటే 3.5 వోల్టులు రావాలి, మన బోర్డు ఇచ్చేది 3.3 మాత్రమే. అందుకే ఒకరికి బాగానే పనిచేసిన సెటప్ ఇంకొకరికి చేయదు, లేదా వైరు కాస్త పొడవు పెంచగానే చెడిపోతుంది. దీనికి సరైన మందు 74ఏహెచ్‌సీటీ125 లాంటి లెవెల్ షిఫ్టర్ (3.3 వోల్టుల సిగ్నల్‌ని 5 వోల్టులకి పెంచే చిప్), దాన్ని 5 వోల్టుల మీద నడపాలి. చిన్న మాస్‌ఫెట్ పెట్టిన ఐ2సీ లెవెల్ షిఫ్టర్ బోర్డులు మాత్రం వాడకండి, ఈ డేటా 800 కిలోహెర్ట్జ్ వేగంతో పోతుంది, అవి ఆ వేగాన్ని సరిగ్గా అందుకోలేవు. డేటా వైరులో 220 నుంచి 470 ఓమ్‌ల రెసిస్టర్, స్ట్రిప్ మొదట్లో 5 వోల్టులకీ గ్రౌండ్‌కీ మధ్య 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఎలాగూ పెట్టండి, కెపాసిటర్ పోలారిటీ (ప్లస్, మైనస్ కాళ్ళు) మాత్రం జాగ్రత్త.

మొదట్లో తెల్లగా ఉండి చివరికి వెళ్ళేకొద్దీ పసుపు, ఎరుపుకి తిరుగుతోందంటే అది వోల్టేజ్ డ్రాప్, వేరే అనుమానం అక్కర్లేదు. ఫుల్ వైట్ పెట్టి మల్టీమీటర్‌తో రెండు చివర్లా కొలవండి, మొదట 4.9 ఉండి చివర 4 చిల్లర చూపిస్తే మీకే అర్థమవుతుంది, ఒక్కో ఎల్ఈడీలో ఉండే ఎరుపు, ఆకుపచ్చ, నీలం చిప్‌లలో నీలానికి ఎరుపుకన్నా ఎక్కువ వోల్టేజ్ కావాలి కాబట్టి ముందు అదే తగ్గిపోతుంది. ఒక్కో ఎల్ఈడీ ఫుల్ వైట్‌లో దాదాపు 60 మిల్లీయాంపులు తీసుకుంటుంది, మీటరుకి 60 ఉన్న స్ట్రిప్ 5 మీటర్లయితే 18 యాంపులు, అంత కరెంటు ఆ సన్నటి రాగి పట్టీ మీద ఎలా పోతుంది చెప్పండి? చివర్న, వీలైతే మధ్యలో కూడా, మందపాటి వైర్లతో మళ్ళీ పవర్ ఇవ్వండి, అలా పవర్ ఇచ్చే ఒక్కో లైనుకి ఫ్యూజ్ పెట్టండి. రెండు వేర్వేరు సప్లైలు వాడితే గ్రౌండ్‌లు కలపండి గానీ 5 వోల్టుల లైన్లు కలపొద్దు.

ఎరుపు అడిగితే ఆకుపచ్చ వస్తే కంగారేం లేదు, సెట్టింగ్స్‌లో కలర్ ఆర్డర్ జీఆర్‌బీకి (ఆకుపచ్చ, ఎరుపు, నీలం వరుస) మార్చండి చాలు. డబ్ల్యూఎల్ఈడీ (ఈ బోర్డుల్లో స్ట్రిప్ నడిపే ఫర్మ్‌వేర్)లో ఎంత పెంచినా మసగ్గానే ఉంటే బ్రైట్‌నెస్ లిమిటర్, అంటే కరెంటు పరిమితి, చూడండి, డిఫాల్ట్‌గా 850 మిల్లీయాంపులు ఉంటుంది, మీ సప్లైకి తగ్గట్టు పెంచుకోండి. బ్రైట్‌నెస్ పెంచినప్పుడల్లా వైఫై తెగిపోయి బోర్డు రీసెట్ అవుతుంటే సప్లై కుంగుతోందని అర్థం, రౌటర్‌ని అనకండి. అసలు కనెక్టే అవ్వకపోతే 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్ ఇచ్చారో లేదో చూడండి, 8266కి 5 గిగాహెర్ట్జ్ కనపడదు.

ఒకచోటి దాకా వెలిగి అక్కణ్ణుంచి చీకటైతే ముందు అక్కడ టంకం అతుకుందేమో వేలితో మెల్లగా నొక్కి చూడండి, అతుకు బాగుంటే వెలగని మొదటిదైనా పోయి ఉండాలి, దాని ముందుదైనా పోయి ఉండాలి. పవర్ ఆపి, చివరగా వెలిగినదాని అవుట్‌పుట్ నుంచి, వెలగనిదాన్ని వదిలేసి దాని తర్వాతదాని ఇన్‌పుట్‌కి సన్న వైరు టంకం వేసి ఆన్ చేయండి. మిగతావి వెలిగితే మధ్యలో వదిలేసింది పోయినట్టే, అప్పటికీ వెలగకపోతే ముందుదాని అవుట్‌పుట్ పోయింది. ఏది పోతే దాన్ని కత్తిరించి చివర్లు అతికేసి, సెట్టింగ్స్‌లో ఎల్ఈడీ లెక్క ఒకటి తగ్గించండి.