ఆరుబయట నీళ్ల లైను, చలికాలం జాగ్రత్తలు – మూడో పాఠం: లైను ఖాళీ చేయడం

రెండో పాఠంలో మీ నీళ్ల లైనుకు పటం గీయమన్నాను. నీళ్లు బయల్దేరే చోటు, పంపు, వాల్వులు, మలుపులు, చివరి కుళాయి, ఏ ముక్క పొడవెంత, లోపలి వ్యాసం ఎంత, అన్నీ అందులో ఉండాలి. ఆ కాగితం పక్కన పెట్టుకోండి. ఇంకా గీయకపోతే చదవడం ఆపి ముందు అది గీయండి. ఇవాళ చేసే ప్రతి పనీ దాన్ని చూసుకుంటూ చేయాల్సిందే.

చలి అనగానే అందరూ పైపుకు ఫోమ్ చుట్టడం గురించే అడుగుతారు. దాన్ని నేను కావాలనే ఐదో పాఠానికి జరిపాను. ఫోమ్‌కు సొంత వేడి లేదు. పైపులో ఉన్న వేడి బయటికి పోవడాన్ని ఆలస్యం చేస్తుంది, అంతే. రోజూ వాడే లైనుకు ఆ ఆలస్యం ఎంతో విలువైనది, ఎందుకంటే కుళాయి తిప్పినప్పుడల్లా నేల అడుగు నుంచి కొత్త నీళ్లు వస్తాయి, వాటితో పాటు కొంత వేడీ వస్తుంది. వాడకుండా వదిలేసిన లైనులో మాత్రం ఎంత మందంగా చుట్టినా నీళ్లు చివరికి బయటి చలికే దిగుతాయి. ఖాళీ పైపుకు ఆ భయం లేదు.

పైపు ఎక్కడ పగులుతుంది?

నీరు గడ్డకడితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఇది బడిలో చదువుకున్నదే. అందుకే మంచు పైపు గోడను లోపలి నుంచి నెట్టి పగలగొడుతుందని అనుకుంటాం. ఎక్కువసార్లు జరిగేది వేరు. ముందుగా పైపులో బాగా చల్లబడిన చోట మంచు బిరడాలా కట్టుకుంటుంది. ఆ బిరడా పొడవు పెరిగేకొద్దీ పక్కనున్న నీటిని నెడుతుంది. పంపు వైపు నీటికి వెనక్కి పోయే చోటు ఉంటుంది. కుళాయి వైపు నీటికి లేదు. అటు మూసిన కుళాయి, ఇటు మంచు. మధ్యలో చిక్కుకున్న నీటి పీడనం పెరిగి పెరిగి, బలహీనంగా ఉన్న చోట పైపు చీలుతుంది. అందుకే చీలిక చాలాసార్లు మంచు లేని చోట, బిరడాకూ కుళాయికీ మధ్య కనబడుతుంది.

ఈ ఒక్క విషయం మనసులో ఉంటే మిగతా పాఠమంతా తేలిగ్గా అర్థమవుతుంది. చలి రాత్రుల్లో కుళాయిని సన్నగా కారనివ్వడం ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. నీళ్లు కదులుతున్నందువల్ల మాత్రమే కాదు, పీడనం పోవడానికి దారి దొరికినందువల్ల కూడా. అలాగే పటంలో నాన్-రిటర్న్ వాల్వు ఉన్న చోట ఎర్ర గుర్తు పెట్టండి. అది నీటిని వెనక్కి పోనివ్వదు కాబట్టి అక్కడ బిరడాకు రెండు వైపులా ప్రమాదమే.

గాలి 0 డిగ్రీలకు దిగగానే పైపు గడ్డకట్టదు. నిలకడగా ఉన్న నీరు కొన్ని డిగ్రీలు కిందికి దిగినా కాసేపు నీరుగానే ఉండగలదు. అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంటి అటకలో ఏమీ చుట్టని పైపులను పరీక్షించి, బయట సుమారు మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర ప్రమాదం మొదలవుతుందని తేల్చారు. అయితే అవి గాలి వీచని చోట ఉన్న పైపులు. ఆరుబయట గాలి వేడిని త్వరగా లాక్కుపోతుంది. మబ్బు లేని రాత్రి పైపు చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువే చల్లబడగలదు. కాబట్టి ఆ అంకెను ధీమాగా తీసుకోకండి. రాత్రికి 2 డిగ్రీలు అని సూచన వినబడితే నేను పని మొదలుపెడతాను.

ఖాళీ చేసే వరుస

మొదట పంపుకు కరెంటు తీయండి. స్విచ్ ఒక్కటే కాదు, మెయిన్ కూడా. ప్రెషర్ స్విచ్ (పీడనం తగ్గగానే పంపును దానంతటదే నడిపేది) ఉన్న పంపు అయితే మీరు కుళాయి తిప్పగానే అదే మొదలై ఖాళీగా తిరిగి, సీలు కాలిపోతుంది. తర్వాత బయటి లైనుకు నీళ్లు వదిలే లోపలి వాల్వు మూయండి. ఆపైన అన్నిటికంటే ఎత్తులో ఉన్న కుళాయి తెరవండి. స్ట్రా పై కొనను వేలితో మూస్తే అందులో పానీయం జారకుండా నిలిచిపోతుంది కదా, పైన గాలి దూరే దారి లేకపోతే పైపులోనూ అంతే. చివరగా అన్నిటికంటే కింద ఉన్న డ్రెయిన్ తెరవండి.

పైపు మధ్యలో కుంగిన చోట నీళ్లు మిగులుతాయి. పటంలో అలాంటి చోటు ఉంటే కంప్రెసర్‌తో గాలి ఊదాలి. ముందుగా పంపును లైను నుంచి విడదీయండి, పీడనం 3 బార్ దాటనివ్వకండి, కళ్లద్దాలు పెట్టుకోండి.

బాల్ వాల్వు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. పూర్తిగా మూస్తే లోపలి గుండు రంధ్రంలో కాసిని నీళ్లు బందీ అవుతాయి. వాల్వు ఒంటిని చీల్చడానికి అవి చాలు. ఖాళీ అయిన లైనులో దాన్ని సగం తెరిచి వదలండి.

పంపు

బయట ఉండే పంపు కింది భాగంలో ఒక డ్రెయిన్ ప్లగ్, పైన నీళ్లు పోసే ప్రైమింగ్ ప్లగ్ ఉంటాయి. రెండూ తీయాలి. ఒక చలికాలం నేను కింది ప్లగ్ తీశాను, ధార వచ్చి ఆగింది, అయిపోయిందనుకుని వచ్చేశాను. చలి తగ్గాక నీళ్లు పోస్తే కేసింగ్ (పంపు బయటి ఒళ్లు) కిందుగా వెంట్రుకంత చీలిక గుండా కారిపోయాయి. ఆ రోజు ధార ఆగింది నీళ్లు అయిపోయి కాదు, తుప్పు పెచ్చు రంధ్రానికి అడ్డుపడి. పోత ఇనుమును మళ్లీ అతకడం కష్టం, కేసింగ్ మొత్తం మార్చాల్సి వచ్చింది. ప్లగ్ తీశాక రంధ్రంలో తీగ పెట్టి కదపండి. షాఫ్టును చేత్తో నాలుగు చుట్లు తిప్పండి, లోపల నీటిని నెట్టే చక్రం రెక్కల మధ్య నిలిచిన నీళ్లు కూడా దిగుతాయి.

పంపు ఖాళీ అయినా, బావిలోంచి నీళ్లు పైకి లాగే సక్షన్ పైపులో నీళ్లు అలాగే నిలబడి ఉంటాయి. వాటిని పట్టి ఉంచడమే ఫుట్ వాల్వు పని. యూనియన్ (విప్పి బిగించగలిగే జాయింటు) విప్పి పైపును పైకి లాగి వంచేయడం మంచిది. లాగలేకపోతే సన్నటి గొట్టం దించి, నేల గడ్డకట్టే లోతు కిందికి నీటి మట్టం దిగేదాకా తోడేయండి.

ప్రెషర్ గేజికి, ప్రెషర్ స్విచ్‌కు వెళ్లే సన్నటి గొట్టాలను మరవకండి. నీళ్లు తక్కువ కాబట్టి అన్నిటికంటే ముందు గడ్డకట్టేవి అవే. గేజి విప్పి ఇంట్లో పెట్టుకోవడం నా అలవాటు. బావి అడుగున ఉండే సబ్‌మెర్సిబుల్ పంపుకు చలి అందదు, దాని పైన నేల మీదున్న పైపుల సంగతే చూసుకోవాలి.

చలికి తట్టుకునే కుళాయిలు ఉన్నవారికి ఒక మాట. వాటిలో నీటిని ఆపే వాల్వు బయట ఉండదు, గోడ లోపలి వెచ్చని వైపునో నేల లోతునో ఉంటుంది. కుళాయి కట్టాక మిగిలిన నీళ్లు వాటంతట అవే దిగిపోతాయి. కానీ మూతికి తోట గొట్టం తగిలించి వదిలేస్తే నీళ్లు దిగే దారి మూసుకుపోతుంది. అలాంటి కుళాయి పగిలిందంటే ముందు చూడాల్సింది గొట్టాన్నే.

అభ్యాసం

అంతా ఖాళీ అయిందో లేదో కొలిచి తేల్చుకోండి. లోపలి వ్యాసం 20 మి.మీ. ఉన్న పైపు మీటరుకు సుమారు 314 మి.లీ. నీళ్లు పడతాయి, 25 మి.మీ. అయితే సుమారు 491 మి.లీ. పటంలోని పొడవులతో గుణించి, ఎన్ని లీటర్లు రావాలో ముందే రాసుకోండి. డ్రెయిన్ కింద బకెట్ పెట్టి, వచ్చిన నీళ్లు కొలవండి. 20 మి.మీ. పైపు పది మీటర్లకు మూడు లీటర్ల పైచిలుకు రావాలి. రెండే వస్తే మిగతా లీటరు ఎక్కడో కుంగిన చోటనో, వాల్వు వెనకో ఉంది. పటం చూస్తూ వెతికి, దొరికిన చోట గుర్తు పెట్టండి. నాలుగో పాఠంలో ఆ గుర్తులున్న చోట్లే కొత్త డ్రెయిన్ కుళాయిలు బిగించడం నేర్చుకుంటాం.