న్యూరోసైన్స్ ప్రొఫెసర్ అవ్వాలంటే: మన శ్రీకాకుళం, విజయనగరం పిల్లల కోసం

మెదడు గురించి చదువుతానని ఇంట్లో అనగానే వచ్చే మాట ఒకటే, "అయితే నీట్ రాయి". నీట్‌లో ర్యాంకు రాకపోతే ఆ ఆశ కూడా అక్కడితో వదిలేస్తున్నారు, అదే నాకు బాధ. రోగులకు వైద్యం చేసేది న్యూరాలజిస్టు. జ్ఞాపకం ఎలా నిలుస్తుంది, నొప్పి ఎలా తెలుస్తుంది అని ల్యాబ్‌లో పరిశోధన చేస్తూ పాఠాలు చెప్పేది న్యూరోసైన్స్ ప్రొఫెసరు, దీనికి ఎంబీబీఎస్ తప్పనిసరి కాదు. ఎంబీబీఎస్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారనుకోండి. న్యూరోసైంటిస్టు వి.ఎస్. రామచంద్రన్ మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి, కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసి, చెయ్యి పోయినా ఆ చెయ్యే నొప్పి పెడుతోందనేవాళ్ల మీద ఒక మామూలు అద్దం పెట్టెతో పని చేశారు.

ఇంటర్‌లో ఉన్నవాళ్లు ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధన కోసం పెట్టిన కేంద్ర సంస్థ) ప్రవేశ పరీక్ష రాయండి, తిరుపతిలోనే ఒక ఐసర్ ఉంది. ఎంపీసీ వాళ్లూ రాయొచ్చు, బైపీసీ వాళ్లూ రాయొచ్చు. కాకపోతే బైపీసీ వాళ్లు లెక్కల్ని పూర్తిగా వదిలేయొద్దు, ఎందుకంటే ఇవాళ మెదడు నుంచి వచ్చే డేటా అంతా కంప్యూటర్‌లోనే చూడాలి, స్టాటిస్టిక్స్, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష రాకపోతే పీహెచ్‌డీలో చాలా ఇబ్బంది పడతారు.

ఊళ్లోనే డిగ్రీ చేస్తున్నారా? ఏం పర్లేదు. జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి మంచి చోట ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మెదడు, మనసు మీద పని చేసే ప్రత్యేక కేంద్రమే ఉంది, దానికి మాత్రం ప్రవేశ పరీక్ష వేరు. అయితే ఈ లోపే వేసవి సెలవుల్లో ఏదో ఒక ల్యాబ్‌లో పని చేసి తీరాలి. మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఏటా వేసవి ఫెలోషిప్ ఇస్తాయి, దానికి అప్లై చేయండి, ప్రొఫెసర్లకు నేరుగా మెయిల్ కూడా పెట్టండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ఇంట్రెస్టెడ్" అని యాభై మందికి ఒకటే మెయిల్ పంపితే ఎవరూ చూడరు. ఆ ల్యాబ్ అచ్చువేసిన పరిశోధన పేపరు ఒకటి చదివి, ఫలానా ఫిగర్‌లో ఎలుకలకు శిక్షణ ఇచ్చాక మార్పు కనపడింది కదా, శిక్షణ ఆపేస్తే అది పోతుందా అని ఒక్క ప్రశ్న అడగండి. మెయిల్ పది లైన్లు దాటకూడదు. రేపు పీహెచ్‌డీకి రికమెండేషన్ లెటర్ రాయాల్సింది ఇలాంటి ల్యాబ్‌లో మీ పని చూసినవాళ్లే, నా దృష్టిలో మార్కుల కన్నా దానికే బరువు ఎక్కువ.

పీహెచ్‌డీకి బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఎన్‌సీబీఎస్, నిమ్హాన్స్ అనే పరిశోధన సంస్థలు ఉన్నాయి, హర్యానాలోని మానేసర్‌లో మెదడు పరిశోధనకే పెట్టిన ఎన్‌బీఆర్‌సీ ఉంది. ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన ముఖ్యమైన మాట ఇది: జేఆర్ఎఫ్ (పరిశోధన విద్యార్థులకు ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, హెచ్ఆర్ఏ అదనం. అమెరికాలో కూడా చాలా న్యూరోసైన్స్ పీహెచ్‌డీలకు ఫీజు కట్టక్కర్లేదు, వాళ్లే స్టైపెండ్ ఇస్తారు, అప్పు చేసి, పొలం తాకట్టు పెట్టి వెళ్లాల్సిన చదువు కాదిది.

పని మాత్రం ఓపికతో కూడింది. ఒక్కో కణంలో కరెంటును కొలిచే ప్యాచ్ క్లాంప్ అనే పద్ధతే తీసుకోండి, దీనికి నేహెర్, సాక్మన్ అనే శాస్త్రవేత్తలకు 1991లో నోబెల్ వచ్చింది. ఎలుక మెదడును మిల్లీమీటరులో మూడో వంతు మందాన ముక్కలు కోసి, ఆక్సిజన్ బుడగలు పోయే ఉప్పునీటిలో బతికించి, మైక్రోస్కోప్ కింద సన్నటి గాజు గొట్టం మొనను ఒకే ఒక్క కణానికి ఆనించి మెల్లగా గాలి పీలుస్తారు. అతుక్కుంటే కణంలో కరెంటు కనిపిస్తుంది, లేదంటే ఇంకో కణం చూసుకోవాలి. చెయ్యి కుదరడానికే నెలలు పడుతుంది, మొదట్లో రోజంతా కూర్చున్నా ఒక్క రికార్డింగ్ రాకపోవచ్చు, అంతమాత్రాన మీకు చేతకాదని అనుకోకండి.

పీహెచ్‌డీకి ఐదారేళ్లు, ఆ తర్వాత పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక ఇంకో ల్యాబ్‌లో చేసే పరిశోధన) ఇంకో మూడు నుంచి ఐదేళ్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్ అయ్యేసరికి ముప్పై దాటేస్తాయి. పెళ్లి, ఇల్లు, అమ్మానాన్నల ఆరోగ్యం అన్నీ ఈ మధ్యలోనే వస్తాయి కాబట్టి ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. పోస్ట్‌డాక్ బయటి దేశంలో చేస్తే, తిరిగి రావాలనుకునేవాళ్లకు డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) వాళ్ల రామలింగస్వామి ఫెలోషిప్ ఉంది, హైదరాబాద్‌లోని ఇండియా అలయన్స్ అనే సంస్థ ఇచ్చే ఫెలోషిప్‌లూ ఉన్నాయి. ఉద్యోగానికి అప్లై చేసేటప్పుడు పాత పేపర్ల లిస్టుతో పాటు, సొంత ల్యాబ్ పెడితే మొదటి ఐదేళ్లు ఏ ప్రశ్న మీద పని చేస్తారో కూడా అడుగుతారు, కాబట్టి పోస్ట్‌డాక్ రెండో ఏడు నుంచే దాన్ని కాగితం మీద పెట్టడం మొదలుపెట్టండి.