పాత రైఫిల్‌ని చదవడం – 4వ భాగం: తోమకముందే చూడాల్సినవి

పోయినసారి పార్టుల పేర్లు చెప్పుకున్నాం కదా, బాడీ (మధ్యలో ఉండే ఇనుప భాగం), బోల్టు (తూటాని లోపలికి తోసే ఇనుప కడ్డీ), నోస్‌క్యాప్ (ముందు చివరుండే తొడుగు), బట్టు (భుజానికి ఆనించే కర్ర) అవీ ఇవీ. అది చదవనివాళ్ళు ముందు దాన్ని చూసి రండి, లేకపోతే ఇవాళ చెప్పేది సగం అర్థం కాదు. ఈసారి ముద్రల సంగతి. ఎమరీ పేపరు, వైరు బ్రష్షు, చింతపండు ఏది చేతిలో ఉన్నా కింద పెట్టేయండి. మొబైల్ టార్చి, ఒక భూతద్దం, కాస్త ట్రేసింగ్ పేపరు, మెత్తటి పెన్సిలు చాలు.

చింతపండు ఎందుకన్నానో చెప్తా. హైదరాబాద్ మలక్‌పేటలో మా మేనమామ ఫ్రెండు వాళ్ళింట్లో గోడకి ఒక లీ ఎన్‌ఫీల్డ్, అంటే బ్రిటిష్ కాలం నాటి సైన్యపు .303 రైఫిల్, ఉంది, బోల్టు లేదు, బ్యారెల్‌లో అడ్డంగా డ్రిల్లేసి వెల్డింగ్ కొట్టేశారు ఎప్పుడో, అంటే ఇక ఏం రిపేరు చేసినా పేలదు. మామయ్య ఫోన్ చేసి "ఒరేయ్, నీకు ఈ ఇనుప సామాన్ల పిచ్చి ఉంది కదా, ఒకసారొచ్చి చూడు" అంటే వెళ్ళా. బట్టుకి కుడివైపు రూపాయి బిళ్ళంత ఇత్తడి బిళ్ళ ఒకటి ఉంటుంది, దాని మీద ఆ రైఫిల్ ఏ రెజిమెంటుదో చెక్కి ఉంటుంది, వీళ్ళింట్లో అది అద్దంలా మెరుస్తోంది. ఆ ఇంటి అత్తయ్యగారు ప్రతి దసరాకి ఆయుధపూజ ముందు పూజ సామాన్లతో పాటు దాన్నీ చింతపండు, ఉప్పు పెట్టి తోముతున్నారట, పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ! భక్తిని తప్పు పట్టలేం కానీ రెజిమెంటు పేరు మొత్తం ఆ చింతపండు పులుసులోనే పోయింది.

కాబట్టి మొదటి పని తుడవడం కాదు, చూడడం.

అంతకంటే ముందు చట్టం సంగతి, రెండు ముక్కల్లో. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ ప్రకారం పాతకాలపుది, రిపేరు చేసినా చెయ్యకపోయినా తుపాకీగా పనికిరానిది అయితే మినహాయింపు ఉంది. పేలే అవకాశం ఏ మాత్రం ఉన్నా లైసెన్సు ఉండాల్సిందే, మన సిటీలో అయితే పోలీస్ కమిషనర్ ఆఫీసు. పైగా .303 అంటే సర్వీసు బోరు (సైన్యం వాడే తూటా సైజు), మామూలు లైసెన్సు మీద రాదు, అందుకే బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ వాళ్ళు సివిలియన్లకి .315 స్పోర్టింగ్ రైఫిల్ చేశారు. రిపేరు చెయ్యడానికి కూడా విడిగా లైసెన్సు కావాలి, అందుకని ఈ పాఠాల్లో మనం కర్ర జోలికి, పైపై తుప్పు జోలికి తప్ప లోపలి మెకానిజం జోలికి పోము. లోపల తూటా ఉందేమో అని డౌటొస్తే చెయ్యి తీసేసి పోలీసులకి ఫోన్ చెయ్యండి, నాకు కాదు.

సరే ఇప్పుడు చదువుదాం. బోల్టు హ్యాండిల్ కిందుండే ఇనుప పట్టీ, బొటనవేలు ఆనే చోటు, దాని కుడివైపు చూడండి. పైన కిరీటం, దాని కింద రాజుగారి పొడి అక్షరాలు, తర్వాత ఫ్యాక్టరీ పేరు, సంవత్సరం, మోడల్. ఎన్‌ఫీల్డ్, బీఎస్‌ఏ, ఎల్‌ఎస్‌ఏ ఇంగ్లండువి, లిత్‌గో ఆస్ట్రేలియాది, మన బెంగాల్లోది ఇషాపూర్. ఇషాపూర్‌లో జీఆర్ (జార్జ్ రెక్స్, అంటే జార్జ్ రాజు) బదులు జీఆర్ఐ అని కొట్టేవాళ్ళు, చివరి ఐ అంటే ఇంపరేటర్, చక్రవర్తి అన్నమాట. స్వతంత్రం వచ్చాక కిరీటం పోయి అశోకుడి సింహాలు, ఆర్ఎఫ్ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అన్న అక్షరాలు వచ్చాయి.

ఇక్కడే నకిలీ కూడా దొరికిపోతుంది. విక్టోరియా రాణి పోయింది 1901లో, మార్క్ 3 మోడల్ వచ్చింది 1907లో, కాబట్టి మార్క్ 3 మీద వీఆర్ అని ఉంటే నవ్వుకుని పక్కన పెట్టండి. ఎడ్వర్డ్ కాలంలోదైతే ఈఆర్, 1910 నుంచి జార్జ్ కాబట్టి జీఆర్. పెషావర్ దగ్గర దర్రా ఆదంఖేల్‌లో చేత్తో చేసిన కాపీలు చాలా తిరిగాయి, పనితనం అద్భుతం, కానీ ఇంగ్లీషు చదవడం రానివాళ్ళు చెక్కింది కాబట్టి ఎన్ అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది ఒక్కోసారి. నాకైతే ఆ కాపీలంటేనే ఎక్కువ ఇష్టం, అది వేరే విషయం.

మలక్‌పేట రైఫిల్ మీద జీఆర్, ఎన్‌ఫీల్డ్, 1912, మార్క్ 3 అని శుభ్రంగా ఉంది. తర్వాత నంబర్లు. ఒకే సీరియల్ నంబరు బాడీ మీద, బ్యారెల్ మొదట్లో, బోల్టు హ్యాండిల్ వెనక, వెనక సైటు (గురి చూసేది) పలక అడుగున, నోస్‌క్యాప్ కింద ఉండాలి, అన్నీ కలిస్తే అది పుట్టినప్పుడు ఉన్న రూపంలోనే ఉన్నట్టు. ఇక్కడ బాడీ, బ్యారెల్ కలిశాయి, నోస్‌క్యాప్ కలవలేదు. ఇంకోటి, ముందు కర్రకి ట్రిగ్గర్ గార్డు దగ్గర అడ్డంగా ఒక స్క్రూ దూర్చి ఉంది. ఈ అడ్డ స్క్రూని ఇషాపూర్ స్క్రూ అంటారు, కర్ర చీలకుండా ఇండియాలో వేసేవాళ్ళు. అంటే ఇంగ్లండులో పుట్టి ఇక్కడికొచ్చి, ఇక్కడే ఒకసారి రిపేరు చేయించుకుందన్నమాట.

ఇత్తడి బిళ్ళకి టార్చిని పక్క నుంచి, దాదాపు బిళ్ళకి ఆనించినట్టు పట్టుకోవాలి. లైటు ఎదురుగా వేస్తే ఏం కనపడదు, పక్క నుంచి వేస్తే అరిగిన గీతకి కూడా నీడ పడుతుంది. ట్రేసింగ్ పేపరు పెట్టి పెన్సిల్ని పడుకోబెట్టి రుద్దండి, చిన్నప్పుడు నాణేలకి చేసేవాళ్ళం కదా అలాగే. అరగంట తంటాలు పడితే కింది లైన్లో 13 కనపడింది, అంటే 1913లో ఎవరికో ఇచ్చారు. పై లైను, ఆ ఎవరికో అన్నది, లేదు. 1916 తర్వాత యుద్ధం హడావుడిలో ఈ బిళ్ళలు వెయ్యడమే మానేశారు కాబట్టి బిళ్ళ ఉన్న రైఫిల్ దొరకడమే అదృష్టం, దాన్ని కూడా తోమేస్తే ఇంకేం చెప్పాలి.

ఇప్పుడు అసలు గొడవ. ఇంటాయన అన్నారు, "ఇది మా తాతది బాబూ, హైదరాబాద్ లాన్సర్లతో పాలస్తీనా దాకా వెళ్ళొచ్చాడు". నిజాం గారి లాన్సర్లు, అంటే గుర్రపు దళం, మొదటి ప్రపంచ యుద్ధంలో ఈజిప్టు, పాలస్తీనా వెళ్ళిన మాట నిజమే, తాతగారూ వెళ్ళే ఉంటారు. కానీ రైఫిల్ సర్కారుది, సిపాయి ఇంటికొచ్చేటప్పుడు దాన్ని అప్పగించి వస్తాడు, చంకలో పెట్టుకుని రాడు. సైన్యం దాన్ని బయటికి అమ్మేస్తే రెండు బాణం గుర్తులు మొనకి మొన ఎదురెదురుగా కొడతారు. ఆ గుర్తు ఇందులో నాకు కనపడలేదు. మన సిటీలో పాత తుపాకీ ఏది చూసినా నిజాందే అంటారు, గన్‌ఫౌండ్రీ అని ఒక పేట కూడా ఉన్న ఊళ్ళో ఉంటున్నాం మరి, ఏం చేస్తాం. కథ వినండి, రాసుకోండి, కానీ "ఇంట్లోవాళ్ళు చెప్పింది" అని విడిగా రాసుకోండి, ముద్రల లైన్లో కలపొద్దు. కాగితాల కోసం తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, నిజాం కాలం దస్తావేజులు చాలావరకు ఉర్దూ, పారసీలో ఉంటాయి కాబట్టి చదివేవాళ్ళని వెంట తీసుకెళ్ళండి. బ్రిటిష్ ఇండియా సైన్యం ఫైళ్ళు లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రెజిమెంటు దాకా వెళ్ళొచ్చు, ఫలానా సిపాయి దాకా వెళ్ళడం మాత్రం చాలా అరుదు.

అంతా ఫోటో తీసి రాసుకున్నాకే శుభ్రం చెయ్యడం. కర్రకి పొడి మెత్తటి గుడ్డ, మొండి జిడ్డుంటే కాస్త టర్పెంటైన్. తర్వాత పచ్చి అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేత్తో రాసి, ఇరవై నిమిషాలాగి తుడిచేయండి, ఆరడానికి రోజులు పడుతుంది, తొందరపడి ఇంకో కోటు వెయ్యొద్దు. కర్రని గీకడం, మెలమిన్ పాలిష్ కొట్టించడం వద్దే వద్దు. గుంట పడిన చోట తడిగుడ్డ, ఇస్త్రీపెట్టె పెడితే ఆవిరికి లేస్తుందని అంటారు, లేస్తుంది, దాంతోపాటు పక్కనున్న ముద్ర కూడా లేచి పోతుంది. ఇనుము మీద ఎర్ర తుప్పుకి కిరసనాయిలు, పాత టూత్‌బ్రష్షు, అంతే, గోధుమరంగు పొర అలాగే ఉండనివ్వండి. ఒక్కటి సీరియస్‌గా చెప్తున్నా, అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి, మన మే నెల ఎండల్లో అయితే అసలే వద్దు. నీళ్ళల్లో ముంచి గానీ విడివిడిగా ఆరేసి గానీ పారెయ్యండి.

హోంవర్కు: మీ దగ్గరున్నదో, సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో అద్దం వెనకున్నదో, ఏదో ఒకదాని ముద్రలన్నీ వరసగా రాయండి, అర్థం కానివి కూడా బొమ్మ గీసి మరీ రాయండి. వచ్చే భాగంలో ఇంకా పాత రైఫిళ్ళు స్నైడర్, మార్టినీ చూద్దాం.

మలక్‌పేట అత్తయ్యగారికి అన్నీ వివరించి చెప్పా. పాపం బాధపడ్డారు, ఈ దసరా నుంచి బిళ్ళ ముట్టుకోను, వెనకుండే ఇత్తడి పలక ఒక్కటే తోముతా అన్నారు. బట్ ప్లేటు మీద కూడా ఒక్కోసారి ముద్రలుంటాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు, వాళ్ళు టీ కప్పు చేతిలో పెట్టారు, ఇంటికొచ్చాక మామయ్యతో చెప్పించా.