పాత థార్‌కి కమాన్లు, షాకులు: కోనసీమ లెక్కలో

వీడియోల్లో రాళ్ళ మీద ఎగబాకే బండ్లు చూసి, మన కుర్రాళ్ళు తిన్నగా మెకానిక్ దగ్గరికెళ్ళి తమ జీపుల్ని నాలుగు అంగుళాలు ఎత్తు లేపేయమంటున్నారు. ధవళేశ్వరం దిగువన రాళ్ళెక్కడున్నాయండీ? ఉన్నదంతా ఒండ్రు మట్టే. ఇక్కడ బండిని తినేసేది చెరువు గట్ల మీది బంకమట్టీ, సముద్రం నుంచి కొట్టే ఉప్పుగాలీ, వెనక వేసే బరువూను. డబ్బు పెడితే వాటికి పెట్టాలి. ఎత్తు ఒకటిన్నర, మహా అయితే రెండు అంగుళాలు పెంచితే చాలు. అంతకు మించితే ముందు చక్రాల డ్రైవ్ షాఫ్టుల జాయింట్లు వాలుగా తిరిగి త్వరగా అరుగుతాయి, ప్రొపెల్లర్ షాఫ్ట్ వణుకుతుంది.

నాది పాత మహీంద్రా థార్ జీపు, సీఆర్‌డీఈ డీజిల్ ఇంజను. ముందు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్లు (ఒకదానిమీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు). 2020లో వచ్చిన కొత్త థార్‌కీ, జిమ్నీకీ నాలుగు పక్కలా కాయిల్ స్ప్రింగులే కాబట్టి కమాన్లు, టార్షన్ బార్ల సంగతి వాళ్ళకి అక్కర్లేదు, మిగతాది చదువుకోవచ్చు.

కమాన్లకి అదనపు పట్టీ వేయాలా వద్దా అని అడిగితే మా రాజోలు మేస్త్రి ఎవరికైనా ఒకటే ప్రశ్న వేస్తాడు: "ఎక్కేది బస్తాలా, బంధువులా అండీ?" రొయ్యల మేత బస్తా 25 కేజీలు. పది వేస్తే పావు టన్ను. రోజూ ఆ బరువుంటే పట్టీ వేయించండి. ఎప్పుడో ఒకసారి మోయడానికైతే వద్దు. ఖాళీ బండి ఎగిరెగిరి పడుతుంది, గతుకుల్లో వెనక చక్రం నేలని వదిలేస్తుంది. చాలాసార్లు అసలు కొత్త పట్టీతో పనే ఉండదు. పట్టీల మధ్య తుప్పు పట్టి అవి ఒకదానిమీద ఒకటి జారడం మానేస్తాయి. కమాను విప్పి, వైరు బ్రష్‌తో గీకి, గ్రాఫైట్ గ్రీజు పలచగా రాసి, చివర్ల రబ్బరు బుష్షులు కొత్తవి వేస్తే బండి సగం బాగుపడుతుంది.

పని సిమెంటు నేల మీదే పెట్టుకోండి. మట్టి నేలలో జాకీ దిగిపోతుంది. రైస్ మిల్లు కళ్ళం దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. విప్పక ముందే, మామూలుగా వేసే బరువు వేసి, ప్రతి చక్రం మధ్య నుంచి పైన ఫెండరు అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. ఈ నాలుగు అంకెలు లేకపోతే తర్వాత ఎంత పెరిగిందో, ఏ పక్కకి ఒరిగిందో ఎవరూ చెప్పలేరు. తుప్పు వదిలే ఆయిల్ ముందురోజు రాత్రే నట్ల మీద కొట్టి వదిలేయండి.

వెనక చాసిస్ కింద స్టాండ్లు పెట్టి, యాక్సిల్ (ఇరుసు) కింద వేరే జాకీ పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరొద్దు. షాకుల (షాక్ అబ్జార్బర్ల) కింది బోల్టులు తీసి, కమాన్లని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు విప్పి, యాక్సిల్‌ని మెల్లగా దించండి. బ్రేకు హోసు బిగుతుగా లాగుతోందేమో అప్పుడే చూడాలి. లాగుతుంటే పొడవు హోసు వేయించాల్సిందే. కొన్ని బండ్లలో యాక్సిల్‌కీ చాసిస్‌కీ మధ్య ఒక సన్నటి రాడ్ ఉండి, వెనక బరువుని బట్టి బ్రేకు వేస్తుంది. ఎత్తు పెంచితే అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకు తగ్గించేస్తుంది. మీ బండికి అదుంటే సరిచేయించకుండా రోడ్డెక్కకండి.

బిగించేటప్పుడు, కమాను పట్టీలని కలిపి ఉంచే సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది గుంటలో సరిగ్గా కూర్చోవాలి. పాత యూ బోల్టులు మళ్ళీ వాడొద్దు. అవి ఒకసారి సాగిపోయినవి, పైగా మన దగ్గర మరలో ఉప్పు తుప్పు ఉంటుంది. నాలుగు నట్లూ అడ్డదిడ్డంగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఇక అందరూ వదిలేసేది ఒకటుంది: కమాను చివర్ల షాకిల్ బోల్టులు బండి గాలిలో ఉండగా పూర్తిగా బిగించకూడదు. బిగిస్తే రబ్బరు బుష్షు మెలితిరిగిన స్థితిలో ఇరుక్కుపోతుంది, బండి దించగానే చిరగడం మొదలెడుతుంది. చక్రాలు నేల మీద పెట్టి, బరువు పడ్డాక ఆఖరి బిగింపు. వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్ళీ బిగించుకోండి.

ముందు పక్క టార్షన్ బార్ బోల్టు తిప్పితే ఎత్తు పెరుగుతుంది. చక్రాలు నేల వదిలేలా లేపి, బోల్టుకి పెయింటుతో గుర్తు పెట్టి, రెండు పక్కలా కొద్దికొద్దిగా తిప్పండి. ఎంత లేపితే చక్రం కిందకి దిగే అవకాశం అంత తగ్గుతుంది కాబట్టి ఆశపడొద్దు. ఎత్తుకి సరిపడా పొడవున్న షాకులు వేసి, అలైన్‌మెంట్ చేయించి, హెడ్‌లైట్లు కిందకి దించుకోవాలి. ఎదుటివాడి కళ్ళల్లో కొడుతూ కాలవ గట్టు మీద వెళ్ళడం కన్నా దుర్మార్గం లేదు.

టైర్ల విషయానికొస్తే, అంతర్వేది బీచి ఇసుకకి ఆల్ టెర్రెయిన్ (అన్ని నేలలకీ పనికొచ్చేవి) చాలు, గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి వెళ్ళండి. తారురోడ్డెక్కే ముందు తిరిగి కొట్టుకోవడానికి చిన్న కంప్రెసర్ ఉండాలి. చెరువు గట్ల బంకమట్టి వేరు. అది టైరు గాడుల్లో నిండిపోయి నున్నగా అయిపోతుంది. రోజూ అక్కడే తిరిగేవాళ్ళకి మడ్ టెర్రెయిన్ (బురద టైర్లు) తప్పదు, రోడ్డు మీద హోరు భరించాలంతే.

నీళ్ళలో దిగడానికి అందరూ స్నార్కెల్ (ఇంజనుకి గాలిని పైనుంచి తీసుకునే గొట్టం) బిగిస్తారు, డిఫరెన్షియల్ బ్రీదర్ (లోపలి గాలి వచ్చిపోయే దారి) ఎవరూ చూడరు. రోడ్డు మీద వేడెక్కిన డిఫరెన్షియల్ (రెండు చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని, బ్రీదర్ గొట్టంలోంచి, ఆయిల్ సీళ్ళలోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. చెరువు ఉప్పునీళ్ళైతే బేరింగుల పని అయిపోయినట్టే. రబ్బరు గొట్టం వేసి బ్రీదర్‌ని ఇంజను గదిలోకి ఎత్తుగా తీసుకెళ్ళడం చవకైన పని. డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపిన టీలా కనిపిస్తే ఆ రోజే మార్చేయండి. ఇవన్నీ ఉన్నాయని వరదలో కనకాయలంక కాజ్‌వే మీద ఎర్రనీళ్ళు పారుతుంటే దిగకండి. పారే నీళ్ళు మోకాలి దాకా ఉన్నా బండిని పక్కకి తోసేస్తాయి.

ముందు పెద్ద ఇనుప బంపరు నాకిష్టం లేదు. నరసాపురం రేవులో నది నీరు తీసినప్పుడు పంటు (బండ్లని నది దాటించే పడవ) ఎక్కితే ముందు గీసుకునేది అదే. ఎయిర్‌బ్యాగులున్న బండికి ప్రమాదం కూడా. కేంద్రం 2017 డిసెంబరులోనే వీటి మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకి చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా పడొచ్చు. ఎత్తు పెంచడానికీ ఇదే వర్తిస్తుంది, కాబట్టి ముందు ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్స్ వాళ్ళని అడిగి మొదలుపెట్టండి.

ఫాగ్ లైట్లు మాత్రం ధనుర్మాసం మంచుకి కావాలి. పసుపువి, బంపరు కింద తక్కువ ఎత్తులో. పైన పెడితే మంచు మీద పడి వెలుగు మన కళ్ళలోకే తిరిగొస్తుంది. రెండు 55 వాట్ల బల్బులకి తొమ్మిది ఆంపియర్ల పైన కరెంటు లాగుతుంది, రిలే, 15 ఆంపియర్ల ఫ్యూజు లేకుండా స్విచ్చికి కలపొద్దు.

కూరుకుపోతే కొబ్బరిచెట్టు ఉంది కదా అని వించి (తాడు చుట్టుకుంటూ బండిని లాగే మోటారు) తాడు ఎక్కడ పడితే అక్కడ కట్టేస్తారు. ముదురు చెట్టు చూసి, మొదలు దగ్గర, వెడల్పాటి బెల్టు చుట్టి లాగాలి. తడి గట్టు అంచున ఉన్నది వేళ్ళతో సహా వచ్చేస్తుంది, రైతు ఊరుకుంటాడా? చాలాసార్లు చక్రం కింద రెండు కొబ్బరి మట్టలు వేస్తే వించితో పనే ఉండదు.

బీచికి వెళ్ళొస్తే అదే రోజు కింద భాగం మంచినీళ్ళతో కడగాలి. వేసవిలో కాలవలు కట్టేశాక తీరం ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, వాటితో కడిగితే ఉప్పు మీద ఉప్పు. కడిగాక సర్వీసింగ్ కుర్రాడు కింద డీజిలో, పాత ఇంజనాయిలో కొట్టబోతే ఆపండి. ఇనుముకి మంచిదేమో కానీ, మీరు డబ్బు పోసి వేయించిన రబ్బరు బుష్షులు దాంతో ఉబ్బి మెత్తబడిపోతాయి.