గాలి పరుపు రాత్రి మెత్తబడితే, వీపు కింద చలి పుడితే: సమస్య - పరిష్కారం

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారిలో శీతకాలంలో దేవమాలి (1,672 మీటర్లు), మహేంద్రగిరి (1,501 మీటర్లు) వంటి కొండలెక్కి గుడారంలో రాత్రి గడిపేవారికి మోయడానికి తేలికైన గాలి పరుపు ఎంతో అవసరం. దానిపై వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం చిల్లు కాదు, కొనేటప్పుడు బరువు ఒక్కటే చూడడం.

సమస్య: తెల్లవారుజాముకు పరుపు మెత్తబడింది

సాయంత్రం బిగువుగా ఊదిన పరుపు తెల్లవారేసరికి మెత్తబడి తుంటి నేలకు తగిలితే, ఎవరికైనా ముందుగా తోచేది పంక్చరే. దేవమాలి మీద ఒక డిసెంబరు రాత్రి నేనూ అలాగే అనుకుని, టార్చి వెలుగులో పరుపంతా తడిమి చిల్లు కోసం వెతికాను. ఎండ ఎక్కాక అదే పరుపు, ఎవరూ ఊదకుండానే, మళ్లీ బిగిసింది. కారణం చలి. నోటితో ఊదిన గాలి వెచ్చగా ఉంటుంది. 30 డిగ్రీల గాలి 5 డిగ్రీలకు చల్లబడితే దాని పరిమాణం దాదాపు 8 శాతం తగ్గుతుంది. అందువల్ల వంట మొదలుపెట్టే ముందే పరుపు ఊది, గుడారంలో అరగంటకు పైగా చల్లారనిచ్చి, పడుకోబోయే ముందు మరికొంత గాలి నింపాలి. నోటితో కాక గాలి నింపే సంచితో ఊదితే ఊపిరిలోని తేమ లోపల చేరదు, బూజు పట్టదు.

ఇలా చేసినా గాలి నిలవకపోతే, ఇంట్లో ఊది ఒక రాత్రంతా ఉంచి చూడాలి. మొదట వాల్వును పరీక్షించాలి, ఎందుకంటే దాని అంచున ఇరుక్కున్న ఒక్క ఇసుక రేణువు చాలు గాలి పోవడానికి. వాల్వు బాగుంటే, సబ్బు నీళ్లలో ముంచిన గుడ్డతో పరుపును కొంచెం కొంచెంగా తడుపుతూ, ముఖ్యంగా అతుకుల వెంట, ఓపికగా చూడాలి; సన్నని చిల్లు దగ్గర ఒక చిన్న బుడగ నిదానంగా పెరిగి, పగిలి, అక్కడే మరొకటి లేస్తుంది. ఆ చోట పెన్నుతో గుర్తు పెట్టి, బాగా ఆరనిచ్చి, స్పిరిటుతో తుడిచి, పరుపుతో వచ్చిన ప్యాచ్ అతికించాలి. సైకిలు షాపులో దొరికే సొల్యూషన్ రబ్బరు ట్యూబుల కోసం చేసినది. పాలీయూరిథేన్ పూత ఉన్న పరుపు మీద దానిని నమ్మలేం, యూరిథేన్ జిగురే వాడాలి.

కోసిన చేలలోని వరి మోళ్లు, కొండ అడుగున రేగు ముళ్లు మన దారుల్లో తప్పవు. గుడారం కింద బరకం పరవడంతో పాటు, 20 డెనియర్ (దారం మందాన్ని చెప్పే కొలత) గుడ్డకు బదులు 30 లేదా 40 డెనియర్ గుడ్డ ఉన్న పరుపు ఎంచుకోవడం మేలు. అందుకు కొంచెం బరువు పెరిగినా మోయవచ్చునని నా అభిప్రాయం.

సమస్య: మంచి స్లీపింగ్ బ్యాగు ఉన్నా వీపు కింద చలి

ఒంటి బరువుకు స్లీపింగ్ బ్యాగులోని మెత్తటి పొర కింది వైపు అణగిపోతుంది కాబట్టి, నేల చలిని ఆపవలసింది పరుపే. లోపల ఏ పొరా లేని ఖాళీ పరుపులో గాలి కదులుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. కొనేటప్పుడు ఆర్-వాల్యూ, అంటే పరుపు ఒంటి వేడిని నేలకు పోకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె, చూడాలి; అదికూడా 2018లో వచ్చిన ఏఎస్‌టీఎం (ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ) ఎఫ్3340 ప్రమాణం ప్రకారం కొలిచినదైతేనే ఒక కంపెనీ అంకెను మరొక కంపెనీ అంకెతో పోల్చవచ్చు. వేసవికి 1 నుంచి 2 చాలు, మన కొండల చలికి 3 చుట్టుపక్కల ఉండాలి, హిమాలయాల మంచు కోసం చేసిన 5కు పైబడినవి ఇక్కడ మోయనక్కరలేదు. ఇప్పటికే పలుచనిది కొన్నవారు కింద ఒక ఫోమ్ షీటు పరిస్తే చాలు, రెండు విలువలూ కలుస్తాయి: 1.5కు 2 చేరితే 3.5.

సమస్య: పక్కకు తిరిగితే తుంటి నేలకు తగలడం, చేతులు జారిపోవడం

పక్కకు తిరిగి పడుకునేవారికి కనీసం 7 సెంటీమీటర్ల మందం కావాలి. భుజాలు వెడల్పుగా ఉన్నవారికి 51 సెంటీమీటర్ల పరుపు ఇరుకవుతుంది, 64 సెంటీమీటర్లది తీసుకోవాలి.

సమస్య: పరుపు మధ్యలో బుడ్డలా ఉబ్బడం

లోపలి అడ్డుపొరల అతుకు ఊడిందని దీని అర్థం. బిగువుగా ఊదిన పరుపును ఎండలో వదిలేయడం వల్ల తరచుగా ఇలా జరుగుతుంది. దీనికి ఇంటి మరమ్మతు లేదు; ఉబ్బు పెరగకముందే ఫొటో తీసి, బిల్లుతో సహా వారంటీ కింద మార్చమని అడగాలి.